ఒక్కసారి అరిచాడని మెంటల్ అనుకోవద్దండి

మీ రూమ్మేట్ తనలో తాను మాట్లాడుకుంటున్నాడు, మొన్న చిన్నదానికే అరిచాడు, పిచ్చా లేక బుద్ధే అంతా అని అడిగారు కదా, ఈ రెండింటితో ఏదీ తేల్చలేమండి. తనలో తాను మాట్లాడుకోవడం చాలామంది చేసేదే. కనిపించనివాళ్ళకి జవాబిస్తున్నట్టు మాట్లాడినా, ఎవరో వెంటాడుతున్నారని గట్టిగా నమ్మినా అప్పుడు కంగారుపడాలి. ఎదుటివాడు కోప్పడితే వాడి పరిస్థితి చూడకుండా గుణమే అంత అనేస్తాం, దీనికే 1977లో లీ రాస్ అనే సైకాలజిస్ట్ ఫండమెంటల్ ఆట్రిబ్యూషన్ ఎర్రర్ అని పేరు పెట్టాడు.

అసలు చూడాల్సింది మార్పు. ముందునుంచీ ఇంతేనా, ఈమధ్యే మారాడా? ఎప్పుడూ తనకంటే బలహీనుల మీదే అరుస్తూ, పైవాళ్ళ ముందు మాత్రం అణిగిమణిగి ఉంటే అది గుణమే అంటాను నేను, ఎందుకంటే కంట్రోల్ చేసుకోగలుగుతున్నాడుగా. ఈమధ్యే మారితే మాత్రం నిద్ర, తిండి, స్నానం ఎలా ఉన్నాయో గమనించండి, నిద్ర చాలకపోయినా థైరాయిడ్ ఎక్కువైనా విటమిన్ బీ12 తగ్గినా మనిషి చిరాగ్గా తయారవ్వొచ్చు. జబ్బు ఏంటో చెప్పడం డాక్టర్ పని, మీరు తను ఒక్కడే ఉన్నప్పుడు నిద్ర సరిగ్గా పడుతోందా అని నెమ్మదిగా అడగండి చాలు. చచ్చిపోతాననో, ఎవర్నో చంపుతాననో అంటే మాత్రం ఒంటరిగా వదలకుండా వాళ్ళింట్లో చెప్పి అదే రోజు సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళండి.