ఉలి పదునుకు 84 వేలు పెట్టవచ్చా?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. టెక్కలిలో తలుపులు, కిటికీలు, మంచాలు చేసే చిన్న వడ్రంగి షాపు ఉంది. నాతో పాటు 900 రూపాయల రోజు కూలికి ఒక పనివాడు ఉంటాడు. షాపు ఖర్చులు పోను నెలకు సుమారు 38 వేలు మిగులుతుంది. అందులో ఇంటికి 24 వేలు, చీటీకి 5 వేలు, ముద్రా రుణం వాయిదాకు 2,900 పోతాయి. ఆ వాయిదాలు ఇంకా ఏడు ఉన్నాయి. బ్యాంకులో 70 వేలు ఉన్నాయి. ఉలులు, చెక్కను చిత్రిక పట్టే తోపడా బ్లేడ్లు సాన పట్టడానికి రోజూ ఇద్దరికీ చెరో ముప్పావుగంట పోతోంది. ప్లేనర్ మిషన్ బ్లేడ్లు బయట నూరించడానికి నెలకు 400 అవుతోంది. నీళ్ల తొట్టిలో తిరిగే మోటారు సానరాయి కొనాలని ఉంది. ఒక విదేశీ యంత్రం 84 వేలు, అలాంటిదే మరొకటి 19 వేలు చెబుతున్నారు. లక్ష రూపాయల చీటీ పాడుకుని మంచిదే తీసుకోనా? పాడితే 14 వేలు తగ్గుతుంది.

జవాబు: మీ కోరిక న్యాయమైనదే. షాపులో ఉన్న మామూలు ఆరు అంగుళాల గ్రైండర్ నిమిషానికి దాదాపు 2,850 సార్లు తిరుగుతుంది. అంటే దాని రాయి అంచు సెకనుకు 22 మీటర్లకు పైగా పరుగెడుతుంది. ఈ రకం తడి యంత్రాలలో పేరున్న స్వీడన్ సంస్థ టోర్మెక్ వారి టి-8 యంత్రంలో 250 మిల్లీమీటర్ల రాయి నిమిషానికి 90 సార్లే తిరుగుతుంది కాబట్టి అంచు వేగం సెకనుకు 1.2 మీటర్లు దాటదు. పంతొమ్మిది రెట్ల ఈ తేడాకు తోడు నీరు కూడా ఉండటం వల్ల ఉలి వేడెక్కదు. వేగంగా తిరిగే రాయి మీద కార్బన్ ఉక్కు ఉలి అంచు నీలం తిరిగిందంటే అక్కడ వేడి సుమారు 300 డిగ్రీలకు చేరి ఉక్కు మెత్తబడిందని అర్థం, ఆ మేరకు మంచి ఉక్కును అరగదీసి పారేయడం తప్ప మరో దారి ఉండదు. అందువల్ల తడి యంత్రం సమయంతో పాటు ఉలి ఆయుష్షును కూడా కాపాడుతుంది. కొనవద్దని నేను చెప్పను, అయితే ఏది, ఎప్పుడు, ఏ డబ్బుతో కొనాలన్నది మాత్రం ముందు తేల్చుకోవాలి.

చెరో ముప్పావుగంట పట్టే పని పావుగంటకు దిగితే ఇద్దరికీ కలిపి రోజుకు ఒక గంట మిగులుతుంది. మీ పనివాడి కూలి లెక్కన ఆ గంట విలువ 112 రూపాయలు, నెలకు 25 పనిరోజులకు 2,800. కానీ మిగిలిన గంటలో చేయడానికి పని ఉంటేనే అది డబ్బు అవుతుంది. ఆషాఢంలోనూ మూఢంలోనూ ఇళ్ల పనులు, పెళ్లి మంచాల ఆర్డర్లు మందగించినప్పుడు ఆ గంట ఊరికే పోతుంది. కాబట్టి అందులో సగమే, అంటే 1,400 మాత్రమే లెక్కలోకి తీసుకుంటాను. దానికి ప్లేనర్ బ్లేడ్ల 400 కలిపితే నెలకు 1,800 ఆదా. విదేశీ యంత్రం ధరకు చీటీలో పోయే 14 వేలు కూడా చేర్చాలి కనుక అది మీకు 98 వేలకు పడుతుంది, ఆ సొమ్ము తిరిగి రావడానికి నాలుగున్నర ఏళ్లు పడుతుంది. 19 వేల యంత్రానికి ప్లేనర్ బ్లేడు పట్టే బిగింపు, రాయిని సరిచేసే వజ్రపు ములుకు కోసం మరో 5 వేలు వేసుకున్నా 24 వేలు అవుతుంది, అది పదమూడు, పద్నాలుగు నెలల్లో తిరిగి వస్తుంది. తలుపులు, మంచాలు చేసే షాపుకు ఇది చాలు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస మొద్దు తొలిచి వీణ చేసేవారికి గుండ్రటి ఉలులు ఎక్కువ, సన్నపని ఎక్కువ, వారి లెక్క వేరు.

తక్కువ ధర యంత్రాలన్నీ ఒకటి కావు, అందువల్ల ఫోటో చూసి డబ్బు పంపవద్దు. మీ వెడల్పాటి ఉలి ఒకటి వెంట తీసుకువెళ్లి, రాయి మీద గట్టిగా అదిమి చూడండి. మోటారు ఆగిపోతే ఆ యంత్రం వద్దు. రాయి తిరిగేటప్పుడు పక్కకు ఊగుతుందేమో గమనించండి. మోటారు మీద అతికించిన పలకపై ‘ఎస్1’ అని ఉంటే ఎంతసేపైనా నడపవచ్చు, ‘ఎస్2’ అని ఉంటే అక్కడ రాసిన నిమిషాల తరువాత చల్లారనివ్వాలి. ఉలిని పట్టి ఉంచే కడ్డీ 12 మిల్లీమీటర్లదైతే తరువాత వేరే బిగింపులు దొరకడం సులభం. రాయి అరుగుతుంది కనుక, అదే కొలత రాయి విడిగా దొరుకుతుందా, ఎంతకు దొరుకుతుందన్నది బిల్లు కట్టకముందే అడగండి. రాయి ఇరుసు స్టెయిన్‌లెస్ స్టీలుదా అన్నది మన సముద్రగాలికి అన్నింటికంటే ముఖ్యమైన ప్రశ్న. మామూలు ఇనుప ఇరుసు తుప్పు పట్టి రాయికి అతుక్కుపోతే రాయి మార్చడమే గండం అవుతుంది. పని అయ్యాక తొట్టిలో నీరు పారబోసి, ఉలికి నూనె రాయాలి. రాయిని నీటిలోనే వదిలేస్తే ఒక పక్క మాత్రమే నీరు పీల్చుకుని సమతూకం తప్పుతుంది.

ఇతర వడ్రంగులకు సాన పట్టి ఇచ్చి సంపాదించవచ్చని ఆశ ఉంటే, దానిని ఈ లెక్కలో కలపవద్దు. ఈ రోజుల్లో కోత మిషన్ల గుండ్రటి బ్లేడ్లకు ఎక్కువగా కార్బైడ్ పళ్లే ఉంటాయి, అవి ఈ రాయికి లొంగవు, వాటికి వజ్రపు చక్రం కావాలి.

ఇక డబ్బు సంగతి. మీ లెక్క ప్రకారమే అన్నీ పోను నెలకు 6,100 మిగలాలి. అందులో 6 వేలు నాలుగు నెలలు విడిగా దాస్తే సరిగ్గా 24 వేలు అవుతాయి, అప్పు లేకుండా కొనవచ్చు. చీటీని ఇప్పుడు పాడవద్దు. బ్యాంకులోని 70 వేలను అసలే ముట్టుకోవద్దు, అది మీ ఇంటికి మూడు నెలల తిండి కూడా పూర్తిగా కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తరువాత కరెంటు లేక, పనులు ఆగి, చేతిలో నగదు లేని కుటుంబాలు ఎంత నలిగాయో మీ ప్రాంతం వారికి నేను చెప్పనవసరం లేదు. ఈ నాలుగు నెలల్లో రోజూ సాన పట్టడానికి ఎన్ని నిమిషాలు పోయిందో ఒక నోటు పుస్తకంలో రాయండి. ముప్పావుగంట అనుకున్నది నిజానికి ఇరవై నిమిషాలే అని తేలితే, యంత్రం మాట ఆపి, ఆ 24 వేలను 70 వేలతో కలపండి.

2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో వడ్రంగులకు 5 శాతం వడ్డీతో, తాకట్టు లేకుండా, తొలి విడతగా లక్ష రూపాయల వరకు 18 నెలల గడువుతో రుణం ఇస్తారు. అయితే ముద్రా రుణం పూర్తిగా తీర్చినవారే దానికి అర్హులు కనుక మీరు ఏడు నెలలు ఆగాలి. అందులో చెప్పే 15 వేల వోచరు పనిముట్ల కోసమే, చేతికి వచ్చే నగదు కాదు కాబట్టి దానిని నమ్ముకుని యంత్రానికి బయానా ఇవ్వవద్దు. ఏడో వాయిదా కట్టిన రోజే బ్యాంకు నుంచి బాకీ లేదన్న పత్రం రాయించుకోండి, ప్లేనర్ మార్చాలన్నా, చెక్క టోకున కొనాలన్నా అప్పుడు ఆ రుణానికి దరఖాస్తు చేయవచ్చు.