సంత కోళ్ళని తేవద్దు బుజ్జీ

బుజ్జీ,

షాద్‌నగర్ అవతల మీరు కొన్న అరెకరంలో కోళ్ళూ బాతులూ పెంచబోతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పిల్లలిద్దరికీ ఇంటి గుడ్లు పెట్టాలని నీ కోరికట. ఎంత సంతోషమేసిందో చెప్పలేను, మా అందరి పిల్లల్లో గూడు జోలికి వస్తానన్నది నువ్వొక్కదానివే. మా అమ్మే ఉంటే ఈ సంగతి వీధి వీధంతా చెప్పుకుని మురిసిపోయేది. కానీ ఆ వెంటే మీ అమ్మ ఇంకో మాట అంది, సంతలో నాలుగు పెట్టల్నీ ఒక పుంజునీ బేరమాడి వచ్చావని, వచ్చే వారం తెచ్చేస్తున్నావని. అప్పట్నుంచి నాకు ఒకటే టెన్షన్. ఫోన్లో చెబితే "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అనేసి పెట్టేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నా. ఆ కోళ్ళని తేవద్దు. అడ్వాన్స్ ఇచ్చి ఉంటే పోనీ, వదిలెయ్.

ఎందుకో చెప్తాను, ముందు మామూలు సంగతులు గబగబా చెప్పేస్తాను. గూడు నేలకి కాస్త ఎత్తులో, గాలి ఆడేలా కట్టించు, రాత్రి పడుకోవడానికి ఒక్కో కోడికి రెండు చదరపు అడుగులు చాలు. కింద వరి ఊక పరిచి తడిసినప్పుడల్లా తీసి మార్చు. మామూలు కోళ్ళ వలని నమ్ముకోకు, అరంగుళం కన్నాల వెల్డ్ మెష్ వేయించు, ముంగిసకి ఇంత సందు చాలు. తినే గుడ్ల కోసమే అయితే పుంజు అక్కర్లేదు, పుంజు లేకపోయినా పెట్ట గుడ్డు పెడుతుంది.

రకం అడిగావట కదా. గ్రామప్రియ తెచ్చుకో. రాజేంద్రనగర్‌లో ఉన్న కేంద్ర ప్రభుత్వ కోళ్ళ పరిశోధన సంస్థలో తయారైన రకం అది, మీకు దగ్గరే, కోడిపిల్లల కోసం ముందే అడిగి పేరు రాయించుకోవాలి. పెరట్లో తిరిగి మేసినా ఏడాదికి 150 దాటి గుడ్లు పెడుతుంది. నాటు పెట్ట 60, 70 పెడితే గొప్ప. కాకపోతే గ్రామప్రియ పొదగదు, పొదగడానికి నాటు పెట్టే కావాలి. అది కావాలంటే టీకాలు వేయించే మనిషిని వెతికి, అతని గూడు నీ కళ్ళతో చూసి కొనుక్కో. ఇప్పుడు ఎండల్లో వద్దు, దసరా వెళ్ళాక తెచ్చుకో. మొదటి వారం బల్బు కింద 35 డిగ్రీల వేడి ఉండాలి, ఆ తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించు. థర్మామీటర్ లేకపోయినా పిల్లల్ని చూస్తే తెలుస్తుంది, బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంటే చలి, దూరంగా పోయి నోళ్ళు తెరుస్తుంటే వేడి. గుడ్డు కోసం అయిదారు నెలలు ఆగాలి, రెండో నెల నుంచే గూట్లోకి తొంగి చూడొద్దని పిల్లలకి చెప్పు.

మేత గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. దాణాతో పాటు తౌడు, నూకలు, సజ్జలు, మునగాకు. పెంకు పలచబడితే ఆల్చిప్పల పొడి విడిగా ఒక చిప్పలో పెట్టు, కావలసినంత అవే తింటాయి. చిన్నప్పుడు మాకు చెదల కుండ ఒకటి ఉండేది. పగిలిన కుండలో చినిగిన గోనె ముక్కలూ ఎండు పేడా గడ్డీ కుక్కి, నీళ్ళు చల్లి, సాయంత్రం చెదలు ఉన్న చోట బోర్లించేవాళ్ళం. తెల్లారేసరికి కుండ నిండా చెదలే. మీ అమ్మా నేనూ ఎవరు ఎత్తాలని కొట్టుకునేవాళ్ళం, కోడిపిల్లలు మా కాళ్ళకి అడ్డం పడుతూ వెంట పరిగెత్తేవి. మీ దగ్గర ఎర్రమట్టి నేలే కదా, చెదలకి కొదవ ఉండదు. పిల్లల చేత చేయించు.

ఇక అసలు సంగతి. ఇది మీ అమ్మ నీకు చెప్పి ఉండదు, అప్పటికి అది చాలా చిన్నది.

మా అమ్మకి ముప్ఫై దాకా కోళ్ళుండేవి. ఒక సంక్రాంతి ముందు నాన్న, అంటే మీ తాతయ్య, సంత నుంచి రెండు పెట్టల్నీ ఒక డేగ పుంజునీ తెచ్చాడు. అమ్మకి చెప్పకుండా, సంబరపడుతుందని. నిగనిగలాడుతూ ఉన్నాయి మూడూ. కొత్త కోళ్ళని పగలు వదిలితే పాతవి పొడుస్తాయి, అందుకని చీకటి పడ్డాక గూట్లోకి తోస్తారు, తెల్లారి లేచేసరికి కలిసిపోతాయి. నాన్న అలాగే చేశాడు. కొట్లాట లేకుండా కలపడానికి ఆ పద్ధతి మంచిదే. రోగం కూడా అలాగే కలిసిపోతుందని ఆయన అనుకోలేదు.

పండగ వెళ్ళిందో లేదో ఒక పెట్ట రెక్కలు వాల్చి మూల నిలబడింది. ఆకుపచ్చా తెలుపూ కలిసిన రెట్ట. నోరు తెరిచి గురగురమంటూ ఊపిరి. మర్నాటికి ఇంకో రెండు తూగుతున్నాయి. తర్వాత ఒకదాని మెడ వెనక్కి తిరిగిపోయింది, గింజ కనిపిస్తున్నా ముక్కు అందక గుండ్రంగా తిరుగుతూ ఉండేది పాపం. అమ్మ పసుపూ వెల్లుల్లీ నూరి ఒక్కోదాన్నీ ఒళ్ళో పెట్టుకుని మింగించింది. కొక్కెర తెగులు అది, డాక్టర్లు రాణిఖేత్ అంటారు. దానికి అప్పుడూ మందు లేదు, ఇప్పుడూ లేదు. రాకముందు టీకా ఒక్కటే దారి.

అంతవరకూ జరిగింది ఎవరికైనా జరుగుతుంది బుజ్జీ. ఆ తర్వాత జరిగింది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఎవరో నాన్నతో అన్నారు, ఉన్నవి కూడా పోయేలోపు వదిలించుకోమని. బాగున్నట్టు కనిపించేవాటిని ఏరి వచ్చిన ధరకి ఇచ్చేశాడు. అందులో రెండు పెట్టల్ని కాలవ గట్టు మీద ఉండే ఒంటరి ఆవిడకి ఇచ్చాడు, గుడ్లమ్మి కొడుకుని చదివించుకునేది ఆవిడ, తక్కువకి వచ్చాయని దండం పెట్టి మరీ తీసుకెళ్ళింది. చచ్చినవాటిని కాలవలో పారేయించాడు. కొద్దిరోజులకే ఆవిడ కోళ్ళన్నీ పోయాయి, కాలవ దిగువన ఇంకో రెండిళ్ళలోనూ పోయాయి. అమ్మ తన డబ్బుతో ఆవిడకి కోడిపిల్లల్ని కొనిచ్చింది, కానీ పిల్ల పెట్టై గుడ్డు పెట్టేదాకా ఇల్లు ఎలా గడుస్తుంది? ఆ కుర్రాడు ఆ యేడు బడి మానేసి ఇటుకల బట్టీకి వెళ్ళాడు. మళ్ళీ చదువుకోలేదు. మీ తాతయ్య చెడ్డవాడు కాడు, నీకు తెలుసు, ఒకరి గింజకి ఆశపడిన మనిషి కాడు. కానీ ఆ తర్వాత కాలవ గట్టు దారిన ఎప్పుడూ వెళ్ళలేదు, చుట్టు తిరిగి పోయేవాడు. అమ్మ కూడా ఆ మాట ఎత్తేది కాదు.

అందుకని చెప్తున్నా. పైకి బాగున్న కోడి బాగున్నట్టు కాదు. సంతకి పది ఊళ్ళ కోళ్ళు వస్తాయి, చాలామంది రోగం తగిలాకే అమ్మకానికి తెస్తారు. ఎక్కణ్ణుంచి ఏ కోడిని తెచ్చినా మూడు వారాలకి తక్కువ కాకుండా వేరే షెడ్డులో, వీలైనంత దూరంగా ఉంచు. ముందు పాతవాటికి మేత వెయ్యి, ఆఖర్న కొత్తవాటి దగ్గరికి వెళ్ళు. అక్కడికి వేరే చెప్పులు పెట్టుకో. సంతకి వేసుకెళ్ళిన చెప్పులతో గూడు దగ్గరికి వెళ్ళకు.

టీకాల సంగతి బద్ధకించావంటే నేనే బస్సెక్కి వస్తా. కొక్కెర తెగులుకి వారం లోపు కోడిపిల్లకి కంట్లోనో ముక్కులోనో లసోటా అనే టీకా చుక్క, నాలుగు వారాలకి మళ్ళీ, రెండు నెలలు దాటాక అదే రోగానికి ఆర్‌2బి ఇంజెక్షన్. మధ్యలో గంబోరో అనే ఇంకో రోగానికీ, కోళ్ళకొచ్చే అమ్మవారికీ టీకాలు ఉంటాయి, తేదీలు పశువుల డాక్టరుతో రాయించుకుని ఫ్రిజ్‌కి అంటించు. సీసా వంద డోసులకి తక్కువ దొరకదు, ఒకసారి కలిపితే ఒకటి రెండు గంటల్లో వాడేయాలి. నువ్వు పెంచబోయే పది పదిహేనింటికి అంత సీసా ఎందుకని మానెయ్యకు. చుట్టుపక్కల కోళ్ళున్న వాళ్ళందరికీ కబురు పెట్టి ఒకేరోజు, చల్లని పూట వేయించు. వాళ్ళ కోళ్ళు బాగుంటేనే నీవీ బాగుంటాయి. సీసాని ఐసు పెట్టిన ఫ్లాస్కులోనే తీసుకురా, ఎండలో బండి డిక్కీలో పెట్టి తెస్తే టీకా చచ్చిపోతుంది.

ఎప్పుడైనా రెండు మూడు కోళ్ళు ఒక్కసారే చనిపోతే వట్టి చేతుల్తో ముట్టుకోకు, పిల్లల్ని అటు రానివ్వకు, పశువుల వైద్యానికి ఉన్న 1962 నంబరుకి ఫోన్ చెయ్యి. 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చి ఎన్ని ఫారాలు పాడుబడ్డాయో చూశాను. డాక్టరు చూశాక లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చాలి. ఉన్నవాటిని అమ్మడం, ఎవరికైనా ఊరికే ఇవ్వడం, ఆ రెండూ చెయ్యనని నాకు మాటివ్వాలి నువ్వు.

బాతులంటే నాకూ ఇష్టమే. కోతలయ్యాక మన చేలల్లోకి బాతుల మందలు దిగేవి, గట్టు మీద కూర్చుని చూస్తూ పొద్దు పుచ్చేవాళ్ళం. కానీ కోళ్ళతో ఒకే గూట్లో పెట్టకు. అవి నీళ్ళన్నీ చిమ్మి ఊకని ముద్ద చేస్తాయి, ఆ తడికి కోళ్ళు జబ్బు పడతాయి. పైగా బర్డ్ ఫ్లూ క్రిమి లోపలున్నా బాతు చాలాసార్లు మామూలుగానే తిరుగుతుంది. మీ ఊరి చెరువుకి బయటి పక్షులు వస్తాయి కదా, అక్కడికి వదలకు. తల ముంచేంత లోతు తొట్టి ఉంటే చాలు, ఈత లేకపోయినా గుడ్లు పెడతాయి. ఖాకీ క్యాంప్‌బెల్ రకం బాతుల్ని తీసుకో, బాగా చూసుకుంటే ఏడాదికి 300 దాకా పెడుతుంది. తెల్లవారుజామున పెట్టేస్తాయి కాబట్టి తొమ్మిదింటి దాకా తలుపు తియ్యకు, తీశావంటే గుడ్లు పొదల్లో వెతుక్కోవాలి. మగబాతుని కోళ్ళతో వదలకు, పెట్టల మీదెక్కి చంపేస్తుంది. బాతు గుడ్లని కోడి కింద పొదిగిస్తే 28 రోజులు పడుతుంది, ఆ పిల్లల్ని మొదటి వారాల్లో నీళ్ళలోకి దించకు, తల్లిబాతు నూనె అంటని నూగు తడిసిపోయి చలికి చచ్చిపోతాయి.

బూజు మేత మాత్రం అస్సలు వద్దు. బూజు పట్టిన మొక్కజొన్న, నిలవ ఉన్న వేరుశనగ చెక్క తిని కోడి తట్టుకున్నా బాతుపిల్ల తట్టుకోదు. 1960లో ఇంగ్లండులో లక్షకి పైగా టర్కీ కోళ్ళు అలాగే చచ్చిపోయాయి, బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ పిండిలో ఆ బూజు విషం ఉందని తర్వాత కనిపెట్టారు. బాతుపిల్లలూ పోయాయి అందులో. చవగ్గా వచ్చిందని పాత చెక్క కొనకు తల్లీ.

ఇంకొక్కటి. గుడ్లూ పిల్లలూ ఉన్నచోటికి పాము వస్తుంది, గింజలకి ఎలకలు, ఎలకల కోసం మళ్ళీ పాము. మా గూట్లో గుడ్ల గంపలోనే చుట్ట చుట్టుకుని పడుకున్న నాగుపాముని చూశాక నాకు ఆ భయం పోలేదు. గుడ్లు తియ్యడం పిల్లలకి సరదాగా ఉంటుంది, వద్దనకు, కానీ నువ్వు పక్కన ఉండి టార్చి వేసి లోపల చూశాకే వాళ్ళని చెయ్యి పెట్టనివ్వు. గింజల డబ్బాకి గట్టి మూత పెట్టు. చిన్నాడు కోడిపిల్లని ముద్దు పెట్టుకోకుండా చూడు, ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడిగించు. వాడికి విరేచనాలు పట్టుకుంటే నువ్వు తట్టుకోలేవు, నాకు తెలుసు నీ సంగతి.

సంతలో బేరమాడినతనికి ఈ రోజే ఫోన్ చేసి వద్దని చెప్పు, చెప్పాక నాకు చెప్పు. పొదుగు గంపలు కొనకు, ఇక్కడ వెదురుతో అల్లేవాళ్ళున్నారు, రెండు చేయించి మీ అన్నయ్య వచ్చేటప్పుడు పంపిస్తా. గూట్లో ఎంత చోటుందో కొలిచి రాయి, ఆ కొలతకే చేయిస్తా.

మీ పెద్దమ్మ