టాన్సిల్స్ ఆపరేషన్: మత్తు గురించి పిల్లాడికి ఏం చెప్పాలి?

మీ ఐదేళ్ల బాబుకి వచ్చే వారం టాన్సిల్స్ ఆపరేషన్ అన్నారు. ముందే చెబితే బెంబేలెత్తుతాడు, పార్కుకని చెప్పి తీసుకెళ్లమంటున్నారట మీ అత్తయ్యగారు. వద్దండీ, చెప్పే తీసుకెళ్లండి.

మా పాపకీ ఇదే వయసులో టాన్సిల్స్, ఎడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే గ్రంథులు) కలిపి తీయించాం. రెండు మూడు రోజుల ముందు నుంచే చెప్పాం: మాస్కులోంచి మందు గాలి వస్తుంది, కాస్త వాసనేస్తుంది, తర్వాత ఏమీ తెలీదు, లేచేసరికి అయిపోతుంది, గొంతు మాత్రం నొప్పెడుతుంది. "నొప్పే ఉండదు" అనలేదు. "రోజూ పడుకున్నట్టే" అని మీరూ అనకండి, కొందరు పిల్లలు ఆ తర్వాత రాత్రి పడుకోవడానికే జంకుతారు. ఇది మందుతో వచ్చే వేరే నిద్ర, పని పూర్తయ్యేదాకా మెలకువ రానివ్వరు అని చెబితే సరి. "అల్లరి చేస్తే సూది వేయిస్తా" అనే మాట ఈ వారం ఎవరి నోటా రాకూడదు.

సాధారణంగా అన్నం, టిఫిన్, పాలు 6 గంటల ముందే ఆపేయాలి. మంచినీళ్లు 2 గంటల ముందు వరకు పట్టొచ్చు. మీ మత్తు డాక్టరు వేరేలా చెబితే అదే లెక్క. మత్తులో కడుపులోది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. ఈ సంగతి అత్తయ్యగారికి విడమరిచి చెప్పండి. లేదంటే "పసివాడు, ఒక్క బిస్కెట్టేగా" అని చాటుగా పెట్టేస్తారు!

జలుబు, దగ్గు, ఊగే పన్ను ఏదున్నా మత్తు డాక్టరుకి చెప్పాలి, ఆపరేషన్ వాయిదా పడినా సరే. మొలతాడు, తాయెత్తు, గోళ్ల రంగు ఇంట్లోనే తీసేయండి.

మనవాళ్లలో చాలామందికి తెలియనిది ఇంకొకటుంది. సక్సినైల్‌కోలిన్ అని, మత్తిచ్చేటప్పుడు కండరాలను సడలించడానికి వాడే మందు ఒకటి. మామూలుగా నిమిషాల్లో దిగిపోతుంది. దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ లోపించినవాళ్లకి మాత్రం గంటల తరబడి దిగదు, అంతసేపూ వెంటిలేటర్ మీద ఉంచాలి. ఈ లోపం ఆర్యవైశ్య కుటుంబాల్లో ఎక్కువ. మీరు ఆర్యవైశ్యులైతే, లేదా మీ రక్తసంబంధీకుల్లో ఎవరికైనా మత్తు దిగడం ఆలస్యమై ఉంటే, ముందే చెప్పండి. కులం ప్రస్తావన ఎందుకులే అని మొహమాటపడొద్దు. తెలిస్తే వేరే మందు వాడతారు.

మిమ్మల్ని ఎక్కువ కంగారు పెట్టేది మెలకువ వచ్చే ఘడియ. మా పాప గుక్కపట్టి ఏడ్చింది, కాళ్లు కొట్టుకుంది, చేతికున్న సూది పీకేయబోయింది, నన్ను కొత్తమనిషిని చూసినట్టు చూసింది. సెవోఫ్లూరేన్ అనే మత్తు గాలి పీల్చిన ఈ వయసు పిల్లల్లో ఇది తరచూ కనిపించేదేనని నర్సు ముందే చెప్పబట్టి నిలబడగలిగాను. చాలామందికి అరగంటలోపే సర్దుకుంటుంది. గట్టిగా మందలించకండి, పక్కనే ఉండి మెల్లగా మాట్లాడుతూ ఉండండి. తర్వాత అడిగితే పాపకి అదేదీ గుర్తే లేదు.

ఇంటికొచ్చాక గొంతులో తెల్లటి పొర, చెవిపోటు మామూలే. ఎర్రటి రక్తం కనిపిస్తే మాత్రం, కొంచెమే అయినా, అర్ధరాత్రయినా ఆస్పత్రికే. అది వారం తర్వాత కూడా రావచ్చు కాబట్టి రెండు వారాలు ఊరి ప్రయాణాలు పెట్టుకోకండి.