సముద్రపు చేపల్లో రేడియేషన్ ఉంటే పిల్లలకు పెట్టవచ్చా?

చేపల్లో రేడియేషన్ ఉంటుందని ఎవరో వీడియో పంపారని, పిల్లలకు పెట్టడం మానేయాలా అని అడిగారు. ఉండటం నిజమే, మానేయాల్సిన పని మాత్రం లేదు.

ఎమ్మెస్సీ అయ్యాక రెండేళ్లు చేపల్లో రేడియేషన్ కొలిచే పనే చేశాను. తెల్లవారుజామున విశాఖ చేపల రేవుకు వెళ్లి కవళ్లు, నెత్తళ్లు, రొయ్యలు కొనేవాళ్లం. ప్రాజెక్టు డబ్బే అయినా బేరం తప్పేది కాదు. కండ, పేగులు వేరు చేసి ఆమ్లంలో కరిగించి, ఆ వేడి ద్రావణంలో చిన్న వెండి బిళ్ల వేలాడదీస్తే, చేపల్లో ఉండే పొలోనియం-210 అనే రేడియోధార్మిక మూలకం తనంతట తానే వచ్చి దానికి అంటుకుంటుంది. ఆ బిళ్లను, పొలోనియం వెదజల్లే ఆల్ఫా కణాలను లెక్కపెట్టే యంత్రంలో పెట్టి రాత్రంతా వదిలేసేవాళ్లం. పేగుల లెక్క మొదటిసారి చూసి, పాత్ర సరిగా కడగలేదేమో అనుకుని పనంతా మళ్లీ చేశాను. రెండోసారీ అంతే! కండలో ఉన్నదానికి ఎన్నో రెట్లు.

ఇది అణు కేంద్రం నుంచి వచ్చేది కాదు. నేలలోని యురేనియం వల్ల పుట్టిన రేడాన్ వాయువు గాలిలో సీసం-210గా మారి, వానతో సముద్రంలో పడి, అక్కడ పొలోనియం అవుతుంది. నీటిలో తేలుతూ కంటికి కనిపించని జీవులైన ప్లవకాలు దాన్ని పట్టుకుంటే, వాటిని మేసే చిన్న చేపల పొట్టలోకి చేరుతుంది. మనిషి వల అల్లక ముందు నుంచీ జరుగుతున్నదే ఇది.

చేపల్లోని పొలోనియం-210కి ఐక్యరాజ్యసమితి శాస్త్రీయ కమిటీ వాడే ప్రామాణిక విలువ కిలోకు 2 బెక్వెరెల్, అంటే సెకనుకు రెండు పరమాణువులు విచ్ఛిన్నం కావడం. వారానికి 200 గ్రాములు తినే పెద్దవాళ్లకు దీనివల్ల ఏడాదికి సుమారు 0.025 మిల్లీసీవర్ట్ (ఒంటికి తగిలే రేడియేషన్ మోతాదు కొలమానం) వస్తుంది. నేల, గాలి, అంతరిక్షం, తిండి అన్నీ కలిపి ప్రపంచ సగటు 2.4 మిల్లీసీవర్ట్. అంటే నూటికి ఒక వంతు. అదే బెక్వెరెల్‌కు పదేళ్ల పిల్లలకు మోతాదు రెట్టింపు పడుతుంది, కానీ వాళ్లు తినే ముక్కలెన్ని? అసలు చేప ముట్టని 70 కిలోల మనిషి ఒంట్లోనూ సహజంగానే ఉండే రేడియోధార్మిక పొటాషియం-40 పరమాణువులు సెకనుకు 4000 దాకా విచ్ఛిన్నమవుతూనే ఉంటాయి.

బాగా ఉడికిస్తే పోతుందనుకోకండి, పొయ్యి మంటకు మూలకం నశించదు. పొట్ట తీసి కడిగితే చాలావరకు పోతుంది. నెత్తళ్లు చిన్నవని కొందరు అలాగే వేయించేస్తారు. మా అమ్మ తల గిల్లుతూ పేగు కూడా లాగేస్తుంది, ఆవిడ బాధ చేదు గురించే. ఎండు చేపల్లో నీరు పోవడంతో కిలో లెక్కన ఎక్కువ కనిపిస్తుంది, అయితే పొలోనియం 138 రోజులకు సగమవుతుంది కనుక నిలవ ఉన్నకొద్దీ తగ్గుతుంది.

ఆ రెండేళ్లూ నా క్యారేజీలో వారానికి ఒకసారైనా నెత్తళ్ల ఇగురు ఉండేది. ల్యాబులో తినకూడదు కాబట్టి వరండాలో కూర్చుని తినేదాన్ని.