దసరా అమ్మకాల్లో నో-కాస్ట్ ఈఎంఐ మీద ఫోను కొంటే డబ్బు మిగులుతుందా?

ఉద్యోగంలో చేరి ఆరు నెలలైందనీ, నెలకు 32,000 చేతికి వస్తున్నాయనీ, దసరా అమ్మకాల్లో క్రెడిట్ కార్డు తీసుకుని నో-కాస్ట్ ఈఎంఐ మీద మంచి ఫోను కొంటే ఎంత మిగులుతుందనీ, ఈ వయసులో డబ్బు ఆదా చేయడానికి ఇంకేమైనా మార్గాలు ఉన్నాయా అనీ మీరు అడిగారు. సరిగ్గా ఇదే పని నేను 2021 దసరాకు, 28,000 జీతంతో చేశాను. ఆ ఫోను కోసం చివరికి మా నాన్నగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని పక్క వీధిలోని మాస్టారి ఇంటికి సంతకం అడగడానికి వెళ్ళవలసి వచ్చింది. కాబట్టి నా సమాధానం కొంచెం పొడవుగానే ఉంటుంది.

ముందు ఫోను లెక్క చెబుతాను. ధర 36,000. ఒకేసారి కట్టేవారికి కార్డు మీద అప్పటికప్పుడు 2,000 తగ్గింపు ఉంది. నెలకు 4,000 చొప్పున తొమ్మిది నెలలు కట్టేవారికి ఆ తగ్గింపు లేదు కానీ వడ్డీ కూడా లేదని రాసి ఉంది. నాకు రెండో దారి బాగా నచ్చింది. వడ్డీ ఎక్కడికీ పోలేదని మొదటి బిల్లు వచ్చాకే తెలిసింది. ఫోను ధరలో వడ్డీకి సరిపడా సుమారు 2,012 ముందే తగ్గించినట్టు చూపి, మిగిలిన 33,988ని నా పేరున అప్పుగా రాసి, దాని మీద ఏడాదికి 14 శాతం వడ్డీ వేసి, తొమ్మిది నెలల్లో అదే 36,000 రాబట్టుకున్నారు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మాత్రం నాదే, అంటే 362 రూపాయలు. ప్రాసెసింగ్ రుసుము 199, దాని మీద మళ్ళీ జీఎస్టీ. వదులుకున్న 2,000 కూడా కలుపుకుంటే, ఖర్చు లేదని పేరు పెట్టిన ఆ పథకానికి నేను దాదాపు 2,600 చెల్లించాను. సున్నా శాతం వడ్డీ అనేది అసలు లేనే లేదనీ, అది రుసుముల రూపంలో వినియోగదారుడి నెత్తినే పడుతోందనీ రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు రాసింది. అప్పుడు సున్నా శాతం అన్నదే ఇప్పుడు నో-కాస్ట్ అయింది.

ఇంతవరకే అయితే ఒక సినిమా, రెండు బిర్యానీలు పోయాయని సరిపెట్టుకునేవాడిని. 2,600 వల్ల ఎవరూ మునిగిపోరు. నన్ను ముంచింది ఆ ఫోను కోసం తీసుకున్న కార్డు, ఫోను కొన్న తర్వాత కూడా నా జేబులోనే ఉండిపోవడం. డిసెంబరులో కూకట్‌పల్లి హాస్టల్ ఖాళీ చేసి నిజాంపేటలో ఇద్దరం కలిసి చిన్న పోర్షన్ తీసుకున్నాం. అడ్వాన్సు, మంచం, పరుపు, సంక్రాంతికి ఇంటికి వెళ్తూ కొన్న బట్టలు అన్నీ కార్డు మీదే వెళ్ళాయి. జనవరి బిల్లు 38,400 వచ్చింది. దాని కింద కొంచెం చిన్న అక్షరాల్లో చెల్లించవలసిన కనీస మొత్తం 5,720 అని ఉంది. ఆ అంకె చూసి నేను నిజంగా ఊపిరి పీల్చుకున్నాను. బ్యాంకు వారు ఎంత మంచివారు, నా పరిస్థితి అర్థం చేసుకుని ఈ నెలకు ఇంతే చాలంటున్నారు అనుకున్నాను.

ఆ 5,720లో ఫోను వాయిదా 4,000 పోగా, మిగిలిన 34,400 బాకీకి నేను కట్టినది దానిలో ఐదు శాతం, అంటే 1,720 మాత్రమే. తరువాతి బిల్లులో వడ్డీ, దాని మీద జీఎస్టీ కలిపి 2,100 పైచిలుకు చేరింది. కట్టినదాని కంటే చేరినదే ఎక్కువ. పూర్తి మొత్తం కట్టనప్పుడు వడ్డీని గడువు తేదీ నుంచి కాక కొన్న తేదీ నుంచే లెక్కిస్తారు. అంతేకాదు, ఆ తరువాత కార్డు మీద కొన్న పాల ప్యాకెట్టుకు కూడా కొన్న రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. నలభై ఐదు రోజుల దాకా వడ్డీ ఉండదని కార్డు అమ్మిన కుర్రవాడు చెప్పినది నిజమే, కానీ పాత బాకీ ఒక్క రూపాయి మిగిలినా ఆ సౌకర్యం పోతుందన్న రెండో సగం అతను చెప్పలేదు, నేను అడగలేదు.

ఫిబ్రవరి మొదటి వారంలో తెనాలి వెళ్ళినప్పుడు ఆ బిల్లు కాగితం నా సంచిలో నాన్నగారికి కనిపించింది. ఆయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. చిల్లర లెక్కలో ఆయనను మోసగించడం ఎవరి తరమూ కాదు. కళ్ళజోడు పెట్టుకుని రెండు పేజీలూ చదివి, నెలకు మూడున్నర శాతం అన్న చోట వేలు పెట్టి, "ఇదేమిట్రా, నూటికి మూడున్నర రూపాయల వడ్డీయా?" అన్నారు. నేను శాతం అంటే భయపడలేదు కానీ, రూపాయల వడ్డీ అనగానే ఒళ్ళు జల్లుమంది. మా ఊళ్ళో రెండు రూపాయల వడ్డీకి తిప్పేవారి గురించి పెద్దలు తక్కువ స్వరంతో మాట్లాడుకుంటారు. మూడు రూపాయలు అడిగేవాడి గుమ్మం తొక్కరు. నెలకు మూడున్నర అంటే ఏడాదికి 42, దాని మీద జీఎస్టీ కలిపితే దాదాపు 50. బిల్లు మీద అంతా ఇంగ్లీషులో, శాతాల్లో ఉంటుంది కాబట్టి మనకు అది వడ్డీ వ్యాపారంలా కనిపించదని నా గట్టి అభిప్రాయం. బిల్లు మీద నూటికి మూడున్నర రూపాయలు అని తెలుగులో అచ్చు వేస్తే సగం మంది ఆ రోజే కార్డు తిరిగి ఇచ్చేస్తారు.

ఎవరైనా వినియోగదారుల కమిషన్ కార్డు వడ్డీ ఏడాదికి ముప్పై శాతానికి మించకూడదని చెప్పింది కదా అని అనవచ్చు. జాతీయ కమిషన్ 2008లో అలా చెప్పిన మాట వాస్తవమే. కానీ సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో ఆ తీర్పును కొట్టివేసింది. ఆ ఆశ పెట్టుకోకండి.

అమ్మకు ఒక లక్ష రూపాయల చిట్టీ ఉండేది. రిజిస్టరైన కంపెనీలోనే, ఇరవై మంది, ఇరవై నెలలు, నెలకు 5,000. 2021 ఏప్రిల్‌లో మొదలైంది. ఆఖరి నెల దాకా పాడకుండా ఉంచాలన్నది ఆమె పట్టుదల, ఎందుకంటే చివరగా ఎత్తుకున్నవారికి చిట్టీ నడిపే కంపెనీ తీసుకునే ఫోర్‌మన్ కమిషన్ 5,000 మాత్రమే పోయి 95,000 చేతికి వస్తాయి. నా బిల్లు చూసిన పది రోజులకు, పదకొండో నెల పాటలో, అమ్మ 15,000 తగ్గించి పాడి 85,000కి ఎత్తుకుంది. తగ్గిన 15,000లో కంపెనీ కమిషన్ పోగా మిగిలిన 10,000 ఇరవై మందికీ తలా 500 పంచారు. నా ఫోను పుణ్యమా అని ఆ నెల పందొమ్మిది కుటుంబాలకు వాయిదా 500 తగ్గింది. వారెవరికీ ఆ సంగతి తెలియదు.

పాట పాడగానే డబ్బు ఇవ్వరు. ఇంకా తొమ్మిది వాయిదాలు కట్టవలసిన మనిషి ఎత్తుకుని వెళ్ళిపోతే కంపెనీ మునుగుతుంది కనుక హామీదారు కావాలంటారు, అది కూడా ఉద్యోగంలో ఉండి జీతం ధ్రువపత్రం ఇవ్వగలవారు కావాలంటారు. నాన్నగారు రిటైరయ్యారు, నా కార్డు సంగతి తెలిశాక నా పేరు ఎవరూ ఎత్తలేదు. పక్క వీధిలో ఒక మాస్టారు ఉన్నారు, ప్రభుత్వ పాఠశాలలో లెక్కలు చెబుతారు, నాకూ చెప్పారు. ఆదివారం ఉదయం నాన్నగారు స్నానం చేసి, పెళ్ళిళ్ళకు మాత్రమే వేసుకునే తెల్ల చొక్కా తీసి, కాగితాలు ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని బయలుదేరారు. "నువ్వూ రా" అన్నారు, అంతే. ముప్పై ఏళ్ళు టికెట్టు కొట్టిన మనిషి దారి పొడవునా ఒక్క మాట మాట్లాడలేదు.

మాస్టారు కాఫీ ఇప్పించారు. ఆ మాటా ఈ మాటా అయ్యాక నాన్నగారు కవరు తీసి బల్ల మీద పెట్టి, "ఇంట్లో చిన్న అవసరం పడింది మాస్టారూ, మీ సంతకం కావాలి" అన్నారు. ఏమి అవసరమని మాస్టారు అడిగారు. నాన్నగారు ఒక్క క్షణం నా వైపు చూసి, "పిల్లవాడికి హైదరాబాదులో ఇల్లు మార్చుకోవలసి వచ్చింది" అని చెప్పారు. అది పూర్తిగా అబద్ధం కాదు. మాస్టారు ఇంకేమీ అడగకుండా, ప్రతి పేజీ చదివి, నాలుగు చోట్ల సంతకం పెట్టారు. ఆయన చదువుతున్నంతసేపూ నా జేబులో ఆ ఫోను మోగుతూనే ఉంది, బహుశా ఏదో ఆఫర్ సందేశం అయి ఉంటుంది. తీసి ఆపడానికి కూడా నాకు ధైర్యం చాలలేదు.

ఫిబ్రవరి చివరికి కార్డు బాకీ, మధ్యలో వాడిన చిల్లర ఖర్చులతో కలిపి 41,000 దాటింది. చిట్టీ డబ్బుతో అదంతా తీర్చి, మిగిలిన 44,000 అమ్మ తన పేరున డిపాజిట్ వేసుకుంది. మిగిలిన తొమ్మిది వాయిదాలు నేను పంపాలన్నది ఒప్పందం. లెక్క ప్రకారం చూస్తే ఇది తెలివైన దారి కాదని ఇప్పుడు నాకు తెలుసు. అమ్మ గాజులు బ్యాంకులో పెట్టి రూపాయి లోపు వడ్డీకి 41,000 తెచ్చి తొమ్మిది నెలల్లో తీర్చితే రెండు వేల చిల్లరతో పోయేది, చిట్టీ ముందే పాడటం వల్ల పది వేలు పోయాయి. కానీ తాకట్టు అన్న మాట మా ఇంట్లో పలకరు. మీ ఇంట్లో పలుకుతారేమో చూసుకోండి.

ఇక ఆదా మార్గాల సంగతి. నా అనుభవంలో తగ్గింపు ధరకు కొన్నవాడెవడూ డబ్బు మిగుల్చుకోలేదు, కొనకుండా ఆగినవాడే మిగుల్చుకున్నాడు. లూట్ డీల్స్ అని సందేశాలు పంపే గుంపుల్లో నేను రెండేళ్ళు ఉన్నాను. ఆ రెండేళ్ళలో నా గదిలో మూడు ఇయర్‌ఫోన్లు, తెరవని ఒక ఎయిర్ ఫ్రయర్ చేరాయి. డెలివరీ రుసుము 40 తప్పించుకోవడానికి 499 దాకా బుట్ట నింపడం మరో రోగం. మొదటి నెల ఒక్క రూపాయికే అని చేరిన చందాలను తరువాత ఏడాది పొడవునా కట్టాను. 2021 అక్టోబరు నుంచి, అంటే సరిగ్గా నేను ఫోను కొన్న నెల నుంచి, ఇలా దానంతట అదే జరిగే కోతకు ఇరవై నాలుగు గంటల ముందే సందేశం పంపాలని రిజర్వు బ్యాంకు నిబంధన తెచ్చింది. సందేశాలు వచ్చాయి కూడా. నేనే చదవలేదు.

మీరు కార్డు తీసుకునే తీరతారని నాకు తెలుసు, ఎందుకంటే నన్ను కూడా అందరూ వద్దనే అన్నారు. తీసుకుంటే ఆ రోజే, బిల్లు ఖాతా నుంచి దానంతట అదే చెల్లయ్యేలా ఆటోపే పెట్టండి. అక్కడ పూర్తి మొత్తం, కనీస మొత్తం అని రెండు గడులు ఉంటాయి. పూర్తి మొత్తం ఎంచుకోండి, రెండోది అక్కడ ఉందన్న సంగతే మరచిపోండి. వాడుకునే పరిమితిని మీ జీతంలో మూడో వంతుకు మీరే తగ్గించుకోవచ్చు, యాప్‌లోనే ఆ వీలు ఉంటుంది. ఫోను కావాలంటే జీతం పడిన మరుసటి రోజే నెలకు 4,000 చొప్పున రికరింగ్ డిపాజిట్‌కు వెళ్ళేలా పెట్టి, వచ్చే దసరాకు చేతిలో డబ్బు పెట్టుకుని ఆ 2,000 తగ్గింపు తీసుకోండి. అప్పటికి ఇదే ఫోను ధర ఎలాగూ పడిపోతుంది. మూడు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు పోగయ్యే వరకు షేర్లు, క్రిప్టో అని చెప్పే స్నేహితులతో టీ మాత్రమే తాగండి.

ఉద్యోగం మారినప్పుడు పీఎఫ్ తీసేసుకోవడం మన వారిలో పెద్ద అలవాటు. నేను కూడా ఒకసారి తీసి బైకు కొన్నాను. ఐదేళ్ళ సర్వీసు నిండక ముందు 50,000 లేదా అంతకు మించి తీస్తే పన్ను కోత ఉంటుంది, పైగా 2024-25కి 8.25 శాతం వడ్డీ ఇచ్చిన ఖాతాను ఖాళీ చేసి మూడున్నర రూపాయల వడ్డీ కార్డును జేబులో ఉంచుకోవడం ఏ లెక్కకూ నిలవదు. పాత ఖాతాను కొత్త కంపెనీకి బదిలీ చేయించుకోండి. మొదటి జీతం వాసన తగలగానే పాలసీ కాగితాలతో వచ్చే బాబాయి ఒకాయన ప్రతి ఇంట్లోనూ ఉంటారు. పెళ్ళి కాని, ఎవరూ ఆధారపడని మీకు ఇరవై ఏళ్ళ పొదుపు పాలసీ అవసరం లేదు. ఆ డబ్బులో చిన్న భాగంతో అమ్మానాన్నలకూ మీకూ ఆరోగ్య బీమా చూడండి, 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ కూడా తీసేశారు. బాబాయి అలుగుతారు. మా బాబాయి ఇప్పటికీ మాట్లాడటం లేదు.

చిట్టీ 2022 నవంబరులో ముగిసింది. తొమ్మిది వాయిదాలూ నేనే పంపాను, రెండుసార్లు ఆలస్యం చేసి అమ్మ చేత ఫోన్లు చేయించుకున్నాను. హామీ పత్రాలు రద్దయ్యాయని మాస్టారికి చెప్పి రమ్మని నాన్నగారు ఈసారి నన్ను ఒక్కడినే పంపారు. పూతరేకుల డబ్బా తీసుకుని వెళ్ళాను. మాస్టారు కాగితం మడిచి పుస్తకంలో పెట్టుకుని, డబ్బా లోపలికి పంపించి, తీరిగ్గా అడిగారు: "ఫోను బాగా పనిచేస్తోందా నాన్నా?"

అప్పటికి దాని అద్దం పగిలి రెండు నెలలైంది.