గోవా చర్చి బొమ్మ కొనేటప్పుడు

చిరంజీవి మేనల్లుడికి,

తిరుపతి నుంచి మీ మామయ్య ఆశీర్వదించి వ్రాయునది. చిత్తూరులో నీకు చదువు చెప్పిన క్యాథలిక్ మాస్టారికి గోవా నుంచి బోమ్ జీసస్ చర్చి బొమ్మ ఉన్న ఫ్రిజ్ మాగ్నెట్ తేవాలనుకుంటున్నావని అక్కయ్య చెప్పింది. చాలా సంతోషం. గాంధీరోడ్డులో దేవుడి పటాలు అమ్ముకునే వాణ్ణి గనుక చెబుతున్నాను: అయస్కాంతం సంగతి తర్వాత, ముందు ఆ బొమ్మ ఆ చర్చిదేనా అన్నది చూడు.

శ్రీవారి పటంలో నామం తీరు తప్పితే, ఎంత చవగ్గా ఇచ్చినా మన భక్తులు చేత్తో ముట్టరు. మాస్టారికి ఆ చర్చి అంతటిది. 1552లో కన్నుమూసిన సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ భౌతికకాయం అక్కడే వెండి పేటికలో ఉంది. కాబట్టి కింద అచ్చయిన పేరును నమ్ముకోకుండా బొమ్మనే పరీక్షగా చూడు. ముందు మెలికలు తిరిగిన మెట్లున్న తెల్ల చర్చి పణజిలోది. ఒకే బురుజు మిగిలిన తెల్లనిది పాత గోవాలోని సే కేథడ్రల్. దాని రెండో బురుజు 1776లో కూలిపోయింది. బోమ్ జీసస్ ముఖభాగానికి అటూ ఇటూ బురుజులే ఉండవు. కింద మూడు తలుపులు, వాటిపైన మూడు పెద్ద కిటికీలు, ఆపైన మూడు గుండ్రటి కిటికీలు, అన్నిటికంటే పైన జెస్యూట్లనే క్యాథలిక్ సన్యాసుల సంఘం గుర్తయిన ఐ.హెచ్.ఎస్. అక్షరాలు ఉంటాయి. 1594లో కట్టడం మొదలై 1605లో ప్రతిష్ఠ జరిగిన ఈ చర్చికి 1950లలో బయటి సున్నపు పూత తీసేశారు; అందుకే ఎర్రటి లేటరైట్ రాయి కనిపిస్తుంది. రంగు వెలిసిపోయిందనుకుని అసలైన దాన్నే పక్కన పెట్టేవు సుమా.

రెసిన్‌తో పోత పోసినదైతే గుండ్రటి కిటికీల అంచుల మీద గోరు ఆనించి చూడు. అచ్చు పాతబడితే అవే ముందు మొద్దుబారతాయి. వెనుక పల్చటి రబ్బరు రేకు కాకుండా గట్టి నల్లటి బిళ్ల ఉన్నది తీసుకో. కొట్టువాడి ఇనుప ర్యాకుకు, మధ్యలో నాలుగు మడతల కాగితం పెట్టి అతికించి చూసి, జారితే వద్దను. ఏటీఎం కార్డు పక్కన మాత్రం పెట్టుకోకు.

మాస్టారి ఇంట్లో ఫ్రిజ్ తలుపు గాజుదేమో కనుక్కో. గాజుదైతే అంటుకోదు గనుక, ఇనుప రేకు మీద నిలబెట్టి టేకు చట్రం బిగించి ఇస్తాను. కొన్న వెంటనే బొమ్మ కొలత వాట్సాప్‌లో పంపు.

ఇట్లు,
మీ మామయ్య