ఆండ్రాయిడ్ బిల్డ్ కోసం రెండు ఎస్ఎస్‌డీలను రెయిడ్ 0గా కలపాలా?

గుణుపురం నుంచి మీరు అడిగిన విషయాన్ని ముందుగా నా మాటల్లో చెబుతాను. మీ దగ్గర ఎనిమిది కోర్ల యంత్రం, 32 జీబీ మెమరీ, 2 టీబీ హార్డ్ డిస్కు ఉన్నాయి. ఆండ్రాయిడ్ సోర్సు (మూల కోడ్) పూర్తి బిల్డ్, అంటే దాన్నంతా కంపైల్ చేసే పని, రాత్రి మొదలుపెడితే మర్నాడు మధ్యాహ్నానికి గాని ముగియడం లేదు కనుక, 1 టీబీ సాటా ఎస్ఎస్‌డీలు (తిరిగే భాగాలు లేని, మామూలు డిస్కు కేబుల్‌తో తగిలించే చిప్ డిస్కులు) రెండు కొని, రెయిడ్ 0గా, అంటే డేటాను ముక్కలుగా రెండింటిమీదా పంచే ఒకే డిస్కులా కలిపి, సోర్సుతో సహా అన్నీ వాటిమీదే పెట్టాలనుకుంటున్నారు. నేను 2017 నుంచి రాయగడలో ఇంటినుంచే ఇదే పని చేస్తున్నాను. మీ ఆలోచనలో ఎస్ఎస్‌డీకి మారడం నూటికి నూరుపాళ్లు సరైనది, వాటిని కలపడం మాత్రం అనవసరం అని నా అభిప్రాయం.

డబ్బు ఖర్చుపెట్టే ముందు, బిల్డ్ నడుస్తుండగా ఇంకొక టెర్మినల్‌లో వీఎంస్టాట్‌ను (యంత్రం దేనికోసం ఆగుతోందో చూపే లినక్స్ కమాండ్) ఐదు సెకన్ల వ్యవధితో నడిపి చూడండి. డిస్కు కోసం ప్రాసెసర్ ఖాళీగా ఎదురుచూసిన సమయాన్ని చూపే నిలువు వరుసలో అంకె పెద్దదిగా ఉంటే లోపం డిస్కుది. అది సున్నాకు దగ్గరగా ఉండి కోర్లన్నీ పూర్తిగా పనిలో ఉంటే ఎంత వేగవంతమైన డిస్కు తెచ్చినా మీకు మిగిలేది కొద్ది నిమిషాలే. స్వాప్ (మెమరీ చాలనప్పుడు బదులుగా వాడే డిస్కు భాగం) లోపలికీ బయటికీ వెళ్తున్న వరుసలను కూడా తప్పక చూడండి. ఆండ్రాయిడ్ సోర్సుకు ఇప్పుడు గూగుల్ చెబుతున్న కనీస మెమరీ 64 జీబీ. మీకున్నది అందులో సగమే కనుక, జావా పనులు నాలుగైదు ఒకేసారి వచ్చిన చోట మెమరీ చాలక యంత్రం హార్డ్ డిస్కు మీది స్వాప్‌లోకి దిగుతూ ఉండవచ్చు. అదే జరుగుతుంటే మొదటి రూపాయి మెమరీకే పెట్టాలి. మిగిలిన మెమరీని కెర్నల్ (లినక్స్ కేంద్ర భాగం) తనంతట తానే ఫైళ్ల క్యాష్‌గా వాడుకుంటుంది కాబట్టి, ఒకసారి చదివిన హెడర్ ఫైళ్ల కోసం మళ్లీ డిస్కు దాకా పోవలసిన అవసరమే ఉండదు. మెమరీ కొనేవరకు సమాంతర పనుల సంఖ్యను ఎనిమిది నుంచి ఐదుకో ఆరుకో తగ్గించండి. స్వాప్ ఆగిపోతుంది కనుక ఆ తగ్గింపుతోనే మొత్తం సమయం తగ్గడం నేను స్వయంగా చూశాను.

ఇక హార్డ్ డిస్కు ఎందుకు ఇంత నిదానమో చూద్దాం. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్కు సెకనుకు 120 చుట్లు తిరుగుతుంది. కావలసిన చోటు చదివే తల కిందికి రావడానికి సగటున అర చుట్టు, అంటే నాలుగు మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. తల ఒక ట్రాకు నుంచి ఇంకొక ట్రాకుకు కదిలే సమయం దీనికి అదనం. ఆ లెక్కన చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్లను అది సెకనుకు నూరు సార్లకు మించి అందించలేదు. బిల్డ్ చేసేదేమో లక్షల కొద్దీ చిన్న ఫైళ్లను వెతకడం, చదవడం, రాయడమే. ఇక్కడ వేగాన్ని నిర్ణయించేది ఒక్కొక్క ఫైలుకు పట్టే ఆలస్యం. రెయిడ్ 0 పెంచేది పెద్ద ఫైళ్లు ఏకధాటిగా ప్రవహించే వేగాన్ని, ఒక చిన్న ఫైలును అందుకునే ఆలస్యాన్ని అది తగ్గించదు. హార్డ్ డిస్కు నుంచి ఒక్క ఎస్ఎస్‌డీకి మారినప్పుడు వచ్చే తేడా ఎంతో పెద్దది, ఒక ఎస్ఎస్‌డీ నుంచి రెండింటికి మారినప్పుడు వచ్చే తేడా గడియారంలో వెతుక్కోవలసినంత చిన్నది.

రెయిడ్ 0లో రెండింటిలో ఏ ఒక్కటి పోయినా రెండింటిమీదా ఉన్నదంతా పోతుంది. బిల్డ్ ఫలితాలు పోతే ఒక రాత్రి కంపైల్‌తో తిరిగి వస్తాయి. సోర్సు పోతే మళ్లీ దింపుకోవాలి. గూగుల్ లెక్క ప్రకారం సోర్సుకు 250 జీబీ, బిల్డ్‌కు 150 జీబీ ఖాళీ ఉండాలి. మన వైపు లైను మీద సోర్సు దింపుకోవడమంటే ఎన్ని రోజులో, మధ్యలో ఎన్నిసార్లు తెగుతుందో మీకు వేరే చెప్పనక్కరలేదు. మనకు కంపైల్ సమయం కన్నా డౌన్‌లోడ్ ఖరీదైనది. అందుకే ఒక డిస్కుమీద సోర్సు, ఇంకొక డిస్కుమీద బిల్డ్ ఫలితాలు ఉంచి, ఫలితాలు ఎక్కడ రాయాలో బిల్డ్‌కు చెప్పే అవుట్ డిర్ వేరియబుల్‌ను ఆ రెండవ డిస్కు వైపు చూపండి. ఇలా విడదీయడం వల్ల ఎస్ఎస్‌డీల మీద వేగం పెద్దగా పెరగదు, కానీ ఒకటి పోయినప్పుడు నష్టం ఎక్కడిదక్కడే ఆగుతుంది.

మీ మదర్‌బోర్డు మీద ఎం.2 గాడి (చిన్న ఎస్ఎస్‌డీని నేరుగా బోర్డులో గుచ్చే చోటు) ఉంటే ఫలితాల కోసం ఎన్‌వీఎంఈ (సాటా కన్నా వేగవంతమైన ఎస్ఎస్‌డీ) తీసుకోండి, లేకపోతే సాటా చాలు. అయితే మరీ చవకదాన్ని ఎంచుకోకండి. నేను విశాఖపట్నం వెళ్లినప్పుడు ధర చూసి ఒక క్యూఎల్‌సీ (ఒక్కో సెల్‌లో నాలుగు బిట్లు దాచే) రకం డిస్కు తెచ్చుకున్నాను. మొదటి అరగంట బిల్డ్ పరుగులు తీసింది, ఆ తరువాత పాత హార్డ్ డిస్కును తలపించింది. ఆ రకం డిస్కులు తమలో కొంత భాగాన్ని వేగంగా రాసే తాత్కాలిక స్థలంగా వాడుకుంటాయి. డిస్కు నిండే కొద్దీ ఆ స్థలం కుంచించుకుపోయి, అది కూడా నిండగానే అసలు వేగం బయటపడుతుంది. టీఎల్‌సీ (సెల్‌కు మూడు బిట్లే దాచే) రకం కొని, ఐదో వంతు ఎప్పుడూ ఖాళీగా ఉంచి, వారానికొకసారి ఎఫ్‌స్ట్రిమ్ (ఖాళీ అయిన చోట్లను ఎస్ఎస్‌డీకి తెలిపే కమాండ్) నడిచేలా చూసుకోండి. వేసవిలో ఎన్‌వీఎంఈ వేడెక్కితే తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది కనుక దానిమీద హీట్‌సింక్, ఎదురుగా చిన్న ఫ్యాను తప్పనిసరి.

ఫైల్ సిస్టమ్‌గా ఈఎక్స్‌టీ4 చాలు. రెండు డిస్కులకూ నోఏటైమ్ (ఫైలు చదివిన ప్రతిసారీ ఆ సమయాన్ని రాయకుండా ఆపే ఎంపిక) పెట్టండి. ఫలితాల డిస్కుకు మాత్రం కమిట్ వ్యవధిని (మార్పులను డిస్కుకు రాసే విరామాన్ని) మామూలు ఐదు సెకన్ల నుంచి అరవైకి పెంచవచ్చు. బ్యారియర్‌ను (రాతలు సరైన వరుసలో డిస్కుకు చేరేలా చూసే రక్షణను) తీసివేయమని కొందరు సలహా ఇస్తారు. నేను ఒకప్పుడు ఫలితాల డిస్కుకు అలాగే చేశాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి గజపతి, రాయగడ జిల్లాల మీదుగా వచ్చిన నాడు, బిల్డ్ మధ్యలో కరెంటు పోయి, యూపీఎస్ కూడా చాలించుకుంది. తిరిగి కరెంటు వచ్చాక ఆ ఫలితాల విభాగం మౌంట్ కాలేదు (తెరుచుకోలేదు). సోర్సు వేరే డిస్కుమీద, బ్యారియర్‌తో ఉండడం వల్ల చెక్కుచెదరలేదు. ఆ రోజు నుంచి బ్యారియర్ జోలికి పోలేదు, సోర్సు డిస్కు విషయంలో మీరూ పోవద్దు.

ఫలితాలను డిస్కుకు బదులు మెమరీలోనే ఉంచే టెంప్‌ఎఫ్ఎస్ ప్రస్తావన కూడా చేశారు. 150 జీబీ ఫలితాలు 32 జీబీ మెమరీలో పట్టవు, పైగా అది ఫైళ్ల క్యాష్‌కు దక్కవలసిన మెమరీని తినేస్తుంది. దానికి బదులు సీక్యాష్‌ను (ఒకసారి కంపైల్ చేసినదాన్ని దాచి మళ్లీ వాడే సాధనం) ఫలితాల డిస్కుమీదే 50 జీబీ పరిమితితో పెట్టుకోండి. దాని మామూలు పరిమితి 5 జీబీ మాత్రమే కనుక పెంచకపోతే ఆండ్రాయిడ్‌కు దాదాపు వృథా. అది సీ, సీ++ ఫైళ్లకే పనిచేస్తుంది, ఫలితాలన్నీ చెరిపి మొదటి నుంచి బిల్డ్ చేసినప్పుడే దాని విలువ తెలుస్తుంది.

మీ పాత 2 టీబీ హార్డ్ డిస్కును అమ్మకండి. సోర్సు సింక్ అయిన (సర్వరు నుంచి తాజా మార్పులు దింపుకున్న) ప్రతిసారీ, దింపుకున్న సోర్సంతా దాచి ఉండే చుక్క రెపో (.repo) ఫోల్డరును ఆర్‌సింక్ అనే కాపీ కమాండ్‌తో దానిమీదికి కాపీ చేసి, ఆ తరువాత కేబుల్ తీసి బీరువాలో పెట్టండి. సోర్సు డిస్కు పోయిన నాడు ఆ ఫోల్డరును తెచ్చి పెట్టుకుంటే, నెట్ లేకుండానే ఫైళ్లన్నీ అందులోంచి తిరిగి బయటికి తీసుకోవచ్చు.